బీడీ మానే రోజు నోట్లో ఏం పెట్టుకుంటారు?

మానేయాలని నిర్ణయించుకున్నారు. మంచిది. ఎందుకు మానాలో మీకు ఈ పుస్తకం చెప్పనక్కర్లేదు. పెట్టె మీద 85 శాతం జాగా ఆక్రమించిన బొమ్మ 2016 నుంచీ ఆ పని చేస్తూనే ఉంది. ఇంట్లోవాళ్లు అంతకు ముందునుంచే చెబుతున్నారు. నేను అడిగేది వేరే ప్రశ్న. రేపు పొద్దున టీ గ్లాసు ఒక చేతికి రాగానే రెండో చెయ్యి ఏం చేస్తుంది? పదకొండింటికి పని ఆగి అందరూ చెట్టు నీడకు పోతే మీరెక్కడికి పోతారు? మధ్యాహ్నం సంగటి తిన్నాక నోరు ఏదో కావాలని పీకుతుంటే దానికి ఏమిస్తారు?

చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. "ఏమీ ఇయ్యను, ఓర్చుకుంటా" అంటారు. మూడో రోజుకు మళ్లీ కట్ట కొంటారు. దానికి కారణం పట్టుదల తక్కువ కావడం కాదు. రోజుకు ఇరవై ముప్పై సార్లు ఒకే పనికి అలవాటుపడిన చేతినీ నోటినీ ఒక్కసారిగా ఖాళీగా కూర్చోబెట్టడం. అందుకే మానే తేదీ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఆ ఖాళీలో ఏం పెడతారన్నదే. బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, పొగాకు కాడతో వక్కాకు... మీది ఏదైనా సరే, ఈ అధ్యాయం మీకోసమే.

ముందు అడ్డదారులు మూసేద్దాం

"సిగరెట్ మానేసి పైపుకు మారదామనుకుంటున్నా సార్, కొత్తవాడికి ఏ పొగాకు మంచిది?" బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తూ పండక్కి ఊరొచ్చే కుర్రాళ్లు ఈమధ్య అడుగుతున్న ప్రశ్న ఇది. డబ్బా తెరిస్తే చెర్రీ వాసన, వెనీలా వాసన. పెద్దమనిషి తరహా ఒకటి. పొగ లోపలికి పీల్చరు కాబట్టి ఊపిరితిత్తులకు ఏమీ కాదని నమ్మకం.

నా జవాబు ఒక్కటే: కొత్తవాడికి మంచి పైపు పొగాకంటూ లేదు. పైపు పొగలో, చుట్ట పొగలో ఉండే నికోటిన్ నోటి లోపలి పొర గుండానే ఒంట్లోకి దిగిపోతుంది. పీల్చనక్కర్లేదు. అదే పొగ నాలుకకూ దవడకూ గొంతుకూ తగులుతూ ఉంటుంది కాబట్టి కాన్సరూ అక్కడే కాచుకుని ఉంటుంది. పైగా ఏళ్లపాటు సిగరెట్ తాగినవాడు పైపు చేతికిచ్చినా అలవాటు కొద్దీ పీలుస్తాడు. అంటే రెండు నష్టాలూ ఒకడికే.

చుట్టకు మారడమూ ఇంతే. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలికి కాన్సర్ రావడాన్ని వైద్యులు ఎన్నో ఏళ్ల కిందే గమనించి రాశారు. "బీడీ తేలిక, సిగరెట్‌లో అయితే కెమికల్స్ ఉంటాయి" అనే మాటనూ పక్కన పెట్టండి. తునికాకు గుండా గాలి సరిగా ఆడదు, పీల్చకపోతే బీడీ ఆరిపోతుంది. అందుకని గట్టిగా, వెంటవెంటనే పీల్చాల్సి వస్తుంది. అలా బీడీ నుంచి సిగరెట్ కన్నా ఎక్కువ నికోటిన్, ఎక్కువ తారు, ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్ ఒంట్లోకి పోతాయి.

ఇంకొక మాట మన వైపు పెద్దవాళ్లు అంటుంటారు: "మన నేలలో పండిన నాటు పొగాకు, మందు కొట్టనిది, అది ఏమీ చేయదు." నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో నాటు పొగాకు మీదా బీడీ పొగాకు మీదా ఏళ్ల తరబడి పరిశోధన జరుగుతోంది. అది మనకు పరాయి పంట కాదు, నిజమే. కానీ నికోటిన్ ఆ ఆకులోనే పుడుతుంది. ఆకును ఆరబెట్టి మగ్గబెట్టే దశలోనే కాన్సర్ కారకాలు కొన్ని అందులో తయారవుతాయి. మందు కొట్టకపోతే వాటిలో ఏదీ తగ్గదు. ఇక ఈ-సిగరెట్ సంగతి: 2019 నుంచి దేశమంతా దాని అమ్మకం నిషిద్ధం. దాన్ని వెతుక్కుంటూ తిరగకండి.

1. మీ వేళలు రాసుకోండి

మానడానికి ముందు మూడు రోజులు మామూలుగానే తాగండి. కానీ ప్రతిసారీ టైమూ సందర్భమూ ఒక చీటీ మీద రాయండి. రాయడం ఇబ్బందైతే ఫోన్‌లో మాట రికార్డు చేసుకోండి. ఇరవై తాగే మనిషికి ఇరవై కారణాలు ఉండవు. ఐదో ఆరో గట్టి వేళలు ఉంటాయి, మిగతావి చేతికి దొరికాయి కాబట్టి తాగినవి.

ఆ ఐదారు వేళలు మన కర్నూలు, కడప జిల్లాల్లో దాదాపు ఒకేలా ఉంటాయి. లేవగానే. టీతో. దొడ్డికి పోయే ముందు. పనిలో విరామానికి. అన్నం తిన్నాక. రాత్రి మోటారు వేయడానికి చేనికాడికి పోయినప్పుడు. మందు తాగేవాళ్లకు ఆ వేళ ఇంకొకటి. మీ చీటీలో ఏవి ఉన్నాయో చూసుకుని, ఒక్కొక్కదాని ఎదురుగా ఖాళీ గడి వదలండి. ఇప్పుడు ఆ గడులు నింపుదాం.

2. ఒక్కో వేళకు ఒక్కో వస్తువు

"చూయింగ్ గమ్ కొనుక్కుంటాలే" అని తేల్చేస్తారు కొందరు. అన్ని వేళలకూ ఒకే వస్తువు సరిపోదు. లేవగానే నోరు అడిగేది ఒకటి, తిన్నాక అడిగేది ఇంకొకటి.

లేవగానే అయితే నా ఓటు వేపపుల్లకు. కానుగపుల్లైనా సరే. చేతిలో పట్టుకోవడానికి ఉంటుంది, పెదవుల మధ్య నిలుస్తుంది, నమలడానికి పని ఉంటుంది, చేదు నాలుక మీద చాలాసేపు ఉంటుంది. బీడీ ఇచ్చే కదలికలన్నీ అందులో ఉన్నాయి. ముందురోజు రాత్రే పుల్ల విరిచి తలాపున పెట్టుకోండి. పొద్దున్నే లేచి చెట్టు వెతుక్కునే ఓపిక మానిన మొదటి మూడు రోజులూ ఉండదు.

టీ వేళ అన్నిటికన్నా గట్టిది. దీనికి నోట్లో వేసుకునేది మారిస్తే చాలదు, చోటు మార్చాలి. రోజూ తాగే బంకు పక్కన నిలబడి టీ మాత్రమే తాగి వస్తానంటే మొదటి వారం కుదరదు. ఇంట్లో తాగండి, లేదా పొగ తాగనివాళ్లు కూర్చునే హోటల్‌లో ఉగ్గాని తింటూ తాగండి. కొందరికి రెండు వారాలు టీ బదులు మజ్జిగో రాగి అంబలో తాగితే తేలికవుతుంది. టీ లేకుండా తల పనిచేయదంటారా? అయితే టీ ఉంచుకోండి, బంకు వదలండి. రెండూ ఒకేసారి వదలమని నేను చెప్పను.

పని విరామానికి చేతులకు పని కావాలి. వేయించిన బుడ్డలు జేబులో పోసుకోండి. పొట్టు వలుచుకుంటూ తింటే పది నిమిషాలు గడుస్తాయి. ఒలిచిన పప్పు వద్దు, గుప్పెడు ఒక్క నిమిషంలో అయిపోతుంది. బేతంచెర్లలోనో ఎర్రగుంట్లలోనో నాపరాతి పాలిష్ యూనిట్లో పనిచేసే మనిషికి ఇది ఇంకా ముఖ్యం. "దుమ్ముకు గొంతు పట్టేస్తుంది, ఒక బీడీ తాగితే వదులుతుంది" అని అక్కడ అనుకుంటారు. బీడీ వదిలించేది ఏమీ లేదు. రాతి దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు పొగ తోడైతే క్షయ పట్టుకునే ప్రమాదం పెరుగుతుంది. గొంతుకు కావాల్సింది నీళ్లు, ముక్కుకు కావాల్సింది మాస్కు. విరామానికి ముందు నోరు పుక్కిలించి, బుడ్డలు ఆ తర్వాత తినండి.

అన్నం తిన్నాక వాము. చిటికెడు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపి నోట్లో వేసుకోండి. ఖైనీ వాడినవాళ్లు ఇది చదవగానే పట్టేసి ఉంటారు: అదే అరచెయ్యి, అదే బొటనవేలు, అదే నలుపుడు. ఖైనీ మానేవాళ్లకు ఆ నలిపే పనే సగం అలవాటు. ఆ పని ఉంచండి, సరుకు మార్చండి. వాము ఘాటు పడనివాళ్లు సోంపు నలపండి.

దవడలో పెట్టుకుని గంట ఉంచుకునే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రం వాము చాలదు, క్షణంలో కరిగిపోతుంది. వాళ్లకు కరక్కాయ ముక్క. నల్లమల చుట్టుపక్కల ఊళ్లలో దగ్గుకు దవడన పెట్టుకునేది అదే కాబట్టి మీకు కొత్త కాదు. ఒగరుగా ఉంటుంది, తొందరగా అరగదు, ఉమ్మి ఊరిస్తుంది. ఖైనీ పెట్టుకునే దవడను వదిలి రెండో వైపు పెట్టుకోండి. సున్నానికి ఒరిసిపోయిన పాత చోటు మానాలి.

రాత్రి చేనికాడికి లవంగం ఒకటి. చీకట్లో ఒంటరిగా ఉన్నప్పుడు బీడీ నిప్పు తోడులా అనిపిస్తుందని చెప్పే రైతులు ఉన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఆ వేళకు లవంగం కన్నా ఫోన్‌లో పాటో, ఇంకో చేనికాడ ఉన్న బావతో నాలుగు మాటలో ఎక్కువ పనిచేస్తాయి.

షుగర్ ఉన్నవాళ్లు చాక్లెట్లు, చక్కెర పూసిన సోంపు జోలికి పోవద్దు. పొగ మానాక ఆకలి పెరుగుతుంది, చాలామంది కొన్ని కిలోలు పెరగడం మామూలే. దాన్ని తీపితో ఇంకా పెంచుకోకండి.

3. దొడ్డికి పోవడం సంగతి

ఎవరూ రాయరు గానీ, మానినవాళ్లలో చాలామంది మళ్లీ మొదలుపెట్టేది ఇక్కడే. "బీడీ లేకుంటే విరేచనం కాదు." ఇది భ్రమ కాదు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది. అది ఆగగానే కొన్ని వారాలు మలబద్ధకం ఉంటుంది. పేగులు తమంతట తాము ఆ పని మళ్లీ అందుకుంటాయి, వాటికి కొంచెం సాయం చేయాలంతే. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు. రాత్రికి అన్నం తగ్గించి జొన్నరొట్టె, గోంగూరో పాలకూరో. పడుకునే ముందు అరటిపండు. రోజూ ఒకే టైముకు పోయి కూర్చోండి, రాకపోయినా లేచి రండి. వారమైనా ఇబ్బంది తగ్గకపోతే డాక్టరును అడగండి. దీనికి మందుంది. బీడీ మాత్రం ఆ మందు కాదు.

4. ఇవి మాత్రం పెట్టుకోవద్దు

వక్క. పాన్ మసాలా. "పొగాకు లేదు" అని రాసి ఉండే ప్యాకెట్లు. బీడీ మానినవాళ్లు ఎక్కువగా పడే గుంత ఇదే, ఎందుకంటే ఇది మర్యాదగా కనిపిస్తుంది, పెళ్లిలో పళ్లెంలో పెట్టి ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం పొగాకు కలవని వక్కను కూడా మనుషులకు కాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చి 2004లో ప్రకటించింది. వక్క నమిలేవాళ్లకు దవడ లోపలి పొర గట్టిపడి నోరు తెరవడమే కష్టమయ్యే జబ్బు వస్తుంది. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయా? ఇప్పుడే చూసుకోండి.

మరి తమలపాకు? కడప పక్కన చెన్నూరు ఆకు నోట్లో పడితే దాని రుచి వేరు, దాన్ని వదలమని ఎవరు చెబుతారు! ఆకు తినండి. వక్క, సున్నం, జర్దా లేకుండా సోంపు, రెండు లవంగాలు, కొంచెం ఎండుకొబ్బరి చుట్టుకుని తినండి.

ఇంట్లో అవ్వకు వక్కాకు సంచి ఉంటుంది కదా. ఆ సంచిని లాక్కోకండి. డెబ్భై ఏళ్ల మనిషికి అది తన సొంత ఆస్తి. విప్పడం, ఆకుకు ఈనె తీయడం, మడవడం, పక్కన కూర్చున్నదానికి ఒకటి ఇవ్వడం... ఇవన్నీ ఉండనివ్వండి. పక్కన కూర్చుని, "అవ్వా, కాడ తీసేసి కరక్కాయ ఏసినా, ఒకతూరి నమిలి సూడు" అని మీరే సరుకు మార్చి పెట్టండి. మొదట తిడుతుంది. వారం ఓపిక పట్టండి.

5. నికోటిన్ గమ్ అందరికీ కాదు, వాడితే సరిగా వాడండి

లేచిన అరగంట లోపే మొదటి బీడీ వెలిగిస్తారా? అయితే వాము, కరక్కాయలతో మాత్రమే బండి లాగడం కష్టం. మీ ఒళ్లు నికోటిన్‌నే అడుగుతోంది. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండా దొరుకుతుంది. 4 మిల్లీగ్రాములది కావాలంటే డాక్టరు రాయాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఏది వాడాలన్నా ముందు డాక్టరునే అడగాలి.

దీన్ని వాడడంలో తప్పు చేయని మనిషిని నేను తక్కువగా చూశాను. మామూలు గమ్ లాగా గబగబా నమిలేస్తారు. వెక్కిళ్లు వస్తాయి, కడుపులో తిప్పుతుంది, "నాకు పడలేదు" అని పారేస్తారు. మెల్లగా నాలుగుసార్లు నమలండి, మిరియంలా కారం తగలగానే ఆపి దవడకు, చిగురుకు మధ్య ఆనించి ఉంచండి. కారం తగ్గాక మళ్లీ నమలండి, చోటు మార్చి మళ్లీ ఆనించండి. అలా అరగంట. గమ్‌కు ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, మజ్జిగ, నిమ్మసోడా తాగకూడదు. పులుపు తగిలితే నికోటిన్ నోటి నుంచి దిగదు, మీ డబ్బు వృథా. వారాలు గడిచేకొద్దీ తగ్గించుకుంటూ మూడు నెలలకు ఆపేయాలి.

6. తేదీ

సుగ్గి రోజులు వద్దు. ఇంట్లో పెళ్లి, ఊళ్లో తిరునాళ్ల ఉన్న వారం వద్దు. కూలి డబ్బులు చేతికొచ్చే రోజూ వద్దు. ఇవి పోగా మిగిలిన ఏ రోజైనా మంచిదే. ముహూర్తం చూసుకుంటానంటే చూసుకోండి, పది రోజులు దాటనివ్వకండి.

ముందురోజు రాత్రి ఇంట్లో, చొక్కాల్లో, బండి డిక్కీలో ఉన్నవన్నీ తీసి నీళ్లలో తడిపి పారేయండి. "అవసరానికి ఒక్కటి ఉంచుకుంటా" అన్నది అన్ని తప్పుల్లోకీ పెద్దది. ఆ అవసరం రెండో రోజు సాయంత్రం తప్పకుండా వస్తుంది.

7. ఒకటి ఇస్తానన్నవాడికి ఏం చెప్పాలి?

ఆదోని మార్కెట్ యార్డులో మూటలు దించి కూర్చున్నారు. పక్కనోడు కట్ట విప్పి మీ ముందు పెట్టాడు.

"ఏం మామా, ఒగటి ఎలిగించు."

"వద్దప్పా. నోట్లో కరక్కాయ ఉండాది."

"ఒగటికి ఏమైతాది మామా?"

"ఇది అయిపోనీ, సూద్దాం."

అంతే. మానేశానని ఉపన్యాసం ఇవ్వలేదు, అతని బీడీని తిట్టలేదు. చాలామంది ఇక్కడ వాదనకు దిగి, రోషానికి పోయి, చివరికి ఆ రోషంలోనే వెలిగిస్తారు. నోట్లో ముందే ఒకటి ఉన్న మనిషిని ఎవరూ రెండోసారి గట్టిగా అడగరు. పని విరామం మొదలయ్యాక కాదు, మొదలవకముందే నోట్లో వేసుకోవాలని చెప్పేది అందుకే.

8. మొదటి మూడు రోజులు, ఆ తర్వాత

కోరిక అలలా వస్తుంది. మీరేమీ చేయకపోయినా కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. రెండు, మూడు రోజులు బాగా ముమ్మరంగా ఉండి, తర్వాత మూడు నాలుగు వారాల్లో పలచబడుతుంది. ఆ మూడు రోజులు నిద్ర పట్టదు, చిన్న మాటకే కోపం వస్తుంది. ఇంట్లో ముందే చెప్పుకోండి: "ఈ వారం నేను కసురుకుంటే పట్టించుకోకు." భార్యతో ఈ ఒక్క మాట ముందుగా అన్నవాళ్ల ఇళ్లలో గొడవ సగం తగ్గుతుంది.

కొందరికి దగ్గు పెరుగుతుంది. భయపడకండి. పొగకు పడిపోయిన ఊపిరిగొట్టాల నూగు మళ్లీ పనిచేసి గళ్లను పైకి నెడుతోంది. "తాగినప్పుడు లేని దగ్గు మానినాక వచ్చింది" అని తిరిగి మొదలుపెట్టకండి. అయితే దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆసుపత్రిలో గళ్ల పరీక్ష చేయించుకోండి, అది ఉచితం. రాతి పని చేసేవాళ్లు అసలు ఆలస్యం చేయొద్దు.

మధ్యలో ఒకటి తాగేశారా? కట్ట కొనకండి, అంతవరకే. చీటీ తీసి చూడండి: ఏ వేళ గడి ఖాళీగా వదిలారు? ఏ వస్తువు ఆ వేళకు సరిపోలేదు? దాన్ని మార్చి, మర్నాడు అదే వేళకు కొత్తది జేబులో పెట్టుకోండి. బుడ్డలు విసుగొస్తే బొరుగులు, లవంగం మండితే ధనియాల పప్పు.

మాట సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయండి. పొగాకు మానేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు, మీరు ఇన్నాళ్లూ కొన్న ప్యాకెట్ల మీదే అచ్చువేసి ఉంటుంది.

ఇంకొక్క పని. ఈ వారంలోనే అద్దం ముందు వెలుతురులో నిలబడి నోరు తెరిచి దవడల లోపల, నాలుక కింద, పక్కల చూసుకోండి. రెండు వారాలైనా మానని పుండు, తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గడ్డ ఏది కనిపించినా, నొప్పి లేకపోయినా, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనో కర్నూలు సర్వజన వైద్యశాలలోనో చూపించుకోండి. నోటి కాన్సర్‌కు మొదట్లో నొప్పి ఉండదు, తొందరగా పట్టుకుంటే నయమవుతుంది.